వదిలేయడం తెలిసిన చెవి

రొమ్ముటెముకకు ఎడమ పక్కన, నాలుగో పక్కటెముక కింది సందులో, అరచేతిలో ఇమిడేంత యంత్రాన్ని జిగురు అతుకుతో అంటిస్తారు. మనిషి వెల్లకిలా పడుకొని ఉంటాడు. ఎనిమిది సెకన్లు ఊపిరి బిగబట్టాలి, వదలాలి, మళ్లీ బిగబట్టాలి. ఇలా నాలుగు విడతలు. పది నిమిషాలు తిరక్కుండానే తెర మీద సున్నాకూ 99కీ నడుమ ఒక అంకె పడుతుంది. అది 20 గానీ, అంతకు లోపు గానీ అయితే ఆ మనిషి గుండె రక్తనాళాల్లో లెక్కచేయాల్సిన పూడిక ఉండే అవకాశం బాగా తక్కువ. సూది గుచ్చలేదు, రంగుమందు ఎక్కించలేదు, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించలేదు. విన్నారు, అంతే.

ఈ యంత్రం పేరు క్యాడ్‌స్కోర్. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ ష్మిత్ బృందం చేసిన పరిశోధన దీనికి పునాది. అకారిక్స్ అనే సంస్థ దాన్ని పరికరంగా మలిచి అమ్ముతోంది. 2020 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. చూడడానికి స్టెతస్కోపులా ఉండదు, చెవుల్లో పెట్టుకునే గొట్టాలూ ఉండవు. అయినా వంశం అదే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఎద మీద ఆనించి విన్నాడే, ఆ పనే ఇదీ చేస్తోంది.

చప్పుడును పెద్దది చేయడం ఈ కాలంలో పెద్ద విద్యేమీ కాదు. మామూలు ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులే ఇరవై రెట్లు, నలభై రెట్లు పెంచి వినిపిస్తాయి. అయితే గోరంతను కొండంత చేసినప్పుడు పక్కనున్న కొండ కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. గుండె తలుపుల చప్పుడు, ఊపిరి, కడుపులో గుడగుడ, చర్మం మీద యంత్రం రాసుకున్న గరగర, పక్కగదిలో ఫ్యాను అన్నీ కలిసి పెరుగుతాయి. వాటి అడుగున ఎక్కడో సన్నబడిన నాళపు సద్దు అలాగే అణిగి ఉంటుంది. కాబట్టి ఈ యంత్రాలు చేసినవాళ్ల నైపుణ్యం ఎంత విన్నారన్నదానిలో కాదు, ఎంత వదిలేశారన్నదానిలో ఉంది. ఆ వదిలేసే పనిని దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది.

నాళం ఎప్పుడు పలుకుతుంది

నునుపైన నాళంలో రక్తం పొరలు పొరలుగా జారుతుంది. నడిమి పొర వేగంగా, గోడకు ఆనుకున్న పొర నెమ్మదిగా పోతాయి. ఇలాంటి ప్రవాహానికి చప్పుడుండదు. వేగం ఒక హద్దు దాటితే పొరలు చెదిరి సుడులు పుడతాయి. ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో గాజుగొట్టంలో పారే నీళ్లలోకి సన్నటి రంగుధార వదిలి ఆ హద్దును కళ్లకు కట్టించాడు. నెమ్మదిగా పారినంతసేపూ రంగుధార గీత గీసినట్టు సాగింది, వేగం పెంచేసరికి ఒక్కసారిగా చెదిరి నీళ్లంతటా కలిసిపోయింది.

నాళంలోనూ జరిగేది అదే. కొవ్వు పేరుకొని అడ్డుకొలత సగమైందనుకుందాం. రక్తం పోయే దారి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అంతే రక్తం పోవాలంటే ఆ ఇరుకులో నాలుగు రెట్లు వేగంగా దూసుకుపోవాలి. ఇరుకు దాటి మళ్లీ విశాలమైన చోటికి వచ్చిన ఆ ధార సుడులు తిరుగుతూ గోడను తడుతుంది. గోడ అదురుతుంది. ఆ అదురే కండనూ, కొవ్వునూ, చర్మాన్నీ దాటుకొని బయటికి వచ్చి సద్దవుతుంది.

ఇక్కడొక చిక్కుంది. ఇరుకు పెరిగేకొద్దీ సద్దు పెరుగుతూ పోదు. నాళం దాదాపు మూసుకుపోయే దశకు వచ్చేసరికి పారే రక్తమే తగ్గిపోతుంది, దాంతో సద్దూ తగ్గుతుంది. పూర్తిగా మూసుకుపోయిన నాళం అసలు పలకదు. అంటే, చప్పుడు వినిపించలేదు కాబట్టి నాళం బాగుందని అనడానికి వీల్లేదు. చప్పుడు ఎంత గట్టిగా ఉంటే పూడిక అంత ఎక్కువని లెక్కకట్టడానికీ వీల్లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు చేసిన యంత్రం కాబట్టే క్యాడ్‌స్కోర్ ఎక్కడా మీ నాళం ఇంత శాతం పూడిందని చెప్పదు. అవకాశం ఎంతో చెప్పి ఊరుకుంటుంది.

చేతికందే నాళాలు

నాళం చర్మానికి దగ్గరగా ఉన్నచోట ఈ పని మామూలు స్టెతస్కోపుతోనే ఎంతోకాలంగా జరుగుతోంది. దవడ మూల కింద, మెడ పక్కన మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని ఉంటుంది. అక్కడ స్టెతస్కోపు ఆనించి, ఊపిరి ఆపమని వింటే, సన్నబడిన నాళం ఊదినట్టు పలుకుతుంది. డాక్టర్లు దీన్ని బ్రూయీ అంటారు. ఎన్ని మందులు వేసినా బీపీ దిగని మనిషికి బొడ్డు పైన, పక్కన విని చూస్తారు. మూత్రపిండపు ధమని సన్నబడి ఉంటే అక్కడ ఒక్కోసారి ఆ సద్దు దొరుకుతుంది.

అందరికంటే ఎక్కువగా ఈ సద్దుతో కాపురం చేసేవాళ్లు డయాలసిస్ రోగులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ మాట చెప్పనక్కర్లేదు, పలాస చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఒకరుంటారు. అలాంటివారి ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తారు. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, చిమినో, అపెల్ ప్రకటించిన పద్ధతి ఇది. ధమని ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో లావెక్కి, వారానికి రెండు మూడుసార్లు లావు సూదులు గుచ్చినా తట్టుకునేట్టు తయారవుతుంది. బాగున్న ఫిస్టులా మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుంది. చెవి పెడితే లోగొంతుతో, ఆగకుండా, గుండె ముడుచుకున్నప్పుడూ వదులైనప్పుడూ పలుకుతూనే ఉంటుంది. ఎక్కడైనా సన్నబడితే ఆ గొంతు కీచుగా మారుతుంది, నడుమ నడుమ తెగుతుంది. గుండె ముడుచుకున్నప్పుడే వినిపించి, వదులైనప్పుడు ఆగిపోతుంది. అనుభవమున్న నర్సమ్మ సూది గుచ్చేముందు ఆ తేడాను పట్టేస్తుంది.

ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు తొలి మేలు ఇక్కడే కనిపిస్తుంది. చెవి విన్నది చెవిలోనే ఉండిపోతుంది. పోయిన నెల ఈ ఫిస్టులా ఎలా పలికిందో ఈ నెల డ్యూటీలో ఉన్న నర్సుకు తెలియదు. రికార్డు చేసి దాచుకుంటే రెండు నెలల గొంతులనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఏ స్వరం ఎంత బలంగా ఉందో గీతలుగా తెరమీద వేసుకోవచ్చు. కీచుతనం పెరుగుతోందని ఫిస్టులా మూసుకుపోకముందే తెలిస్తే, బెలూను పెట్టి వెడల్పు చేయించుకునే వ్యవధి దొరుకుతుంది. ఫిస్టులా పోయిందంటే కొత్తది చేయించుకొని అది పండేదాకా వారాలు ఆగాలి కాబట్టి, ఆ వ్యవధి విలువ రోగికి తెలుసు.

గుండె మీద ఎందుకంత కష్టం

ముంజేయి, మెడ ఒక ఎత్తు, గుండె మరో ఎత్తు. గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనులు రెండు మూడు మిల్లీమీటర్ల సన్నపాటివి. పైగా ఒకచోట కుదురుగా ఉండవు, కొట్టుకునే కండ మీద అంటుకొని దానితోపాటే ఎగిరిపడుతుంటాయి. వాటికీ మన చెవికీ నడుమ ఊపిరితిత్తి అంచు, పక్కటెముకలు, కండ, కొవ్వు ఉన్నాయి. పక్కనే గుండె తలుపులు దబదబా మూసుకుంటున్నాయి.

ఇన్ని కష్టాల నడుమ ప్రకృతి ఒక్క వెసులుబాటు ఇచ్చింది. ఒంట్లో మిగతా భాగాలకు గుండె ముడుచుకున్నప్పుడు రక్తం ఎగజిమ్ముతుంది. గుండె కండకు మాత్రం అలా కుదరదు. ముడుచుకున్నప్పుడు ఆ కండే తనలోని నాళాలను నొక్కేస్తుంది. అందుకే ఎడమ వైపు గుండెకు రక్తం ఎక్కువగా అందేది గుండె వదులైనప్పుడు, అంటే డయాస్టోల్‌లో. సరిగ్గా అప్పుడే గుండె తలుపుల చప్పుళ్లు సద్దుమణిగి ఉంటాయి. లబ్, డబ్ అన్నాక మళ్లీ లబ్ అనేలోపు ఉండే ఆ ఖాళీలోనే కరోనరీ నాళం తన మాట చెప్పుకోవాలి.

ఆ మాటను వట్టి చెవితో విన్నవాళ్లూ ఉన్నారు. అమెరికా వైద్యుడు విలియం డాక్, రొమ్ముటెముకకు ఎడమ పక్కన డయాస్టోల్‌లో వినిపించిన ఒక సన్నటి సద్దు, వైద్యుల భాషలో మర్మర్, కరోనరీ నాళపు ఇరుకు నుంచి పుట్టిందని 1967లో ప్రకటించాడు. ఆ మర్మర్‌కు ఆయన పేరే నిలిచింది. కాకపోతే అది నూటికో కోటికో వినిపించేది. అందులో వైద్యుల తప్పు లేదు, తప్పు మనిషి చెవిది. మన చెవి వెయ్యి హెర్ట్జ్‌లకు పైన చురుకు. గుండె చప్పుళ్లలో ఎక్కువ భాగం 150 హెర్ట్జ్‌ల లోపే ఉంటుంది, ఆ అడుగు స్వరాల దగ్గర చెవి మొద్దుబారుతుంది. మరో బలహీనత కూడా ఉంది. గట్టి చప్పుడు విన్న మరుక్షణంలో వచ్చే సన్నటి చప్పుడును చెవి పట్టుకోలేదు. డబ్ అన్న వెంటనే వచ్చే మర్మర్ పరిస్థితి అదే.

యంత్రానికి ఆ బలహీనత లేదు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జాన్ సెమ్లో, ఆయన సహచరులు 1983లోనే డయాస్టోల్ చప్పుళ్లకూ కరోనరీ ఇరుకుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపించారు. తర్వాత మెటిన్ అకే అనే పరిశోధకుడు వాళ్లతో కలిసి చేసిన పని ఇంకా ముచ్చటైనది. బెలూనుతో నాళాన్ని వెడల్పు చేయడానికి ముందూ, చేశాకా ఒకే మనిషి గుండెను రికార్డు చేశారు. మనిషి అతడే, ఎదా అదే, కొవ్వూ అదే, మారింది నాళం ఒక్కటే. ఆ రెండు రికార్డుల్లో తేడా ఉందంటే దాన్ని ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు. పరిశోధనలో ఇలాంటి పోలిక దొరకడం అదృష్టం. దొరికేట్టు ఏర్పాటు చేసుకోవడం నేర్పు.

విడదీసే పని

ఇక వదిలేసే విద్య దగ్గరికి వద్దాం. మొదటి వంతు పొరది. ఎక్కువ ఎలక్ట్రానిక్ స్టెతస్కోపుల్లో చర్మానికి ఆనే పొర వెనక కాస్త గాలి, దాని వెనక చిన్న మైకు ఉంటాయి. పొర అదిరితే గాలి అదురుతుంది, గాలి అదిరితే మైకు పలుకుతుంది. ఈ దారిలో బయటి చప్పుడు కూడా సులువుగా దూరుతుంది. అమెరికాలో క్లైవ్ స్మిత్ అనే ఇంజనీరు థింక్‌ల్యాబ్స్ స్టెతస్కోపులో ఆ నడిమి గాలిని నమ్ముకోలేదు. పొర లోపలి వైపు విద్యుత్తు పారే పూత వేసి, దాని వెనక లోహపు పలక అమర్చి, రెంటి నడుమ విద్యుత్ క్షేత్రం నిలబెట్టాడు. పొర వెంట్రుకవాసి కదిలినా క్షేత్రం మారుతుంది, ఆ మార్పే సంకేతం. అంటే పొర చర్మంతోపాటు కదిలే కదలికే నేరుగా విద్యుత్తుగా మారిపోతుంది.

క్యాడ్‌స్కోర్‌లో బయటి చప్పుడుకు మరో మందు ఉంది. గుండెను వినే మైకుతోపాటు గదిని వినే మైకు కూడా అందులో ఉంది. రెండో మైకు పని గది చప్పుడును కాపలా కాయడమే. తలుపు దభాలున పడిందా, ఎవరైనా దగ్గారా అన్నది అది పట్టుకుంటుంది. అప్పుడు గుండె రికార్డులో ఆ ముక్కను నమ్మాలో వద్దో తేల్చుకోవచ్చు.

ఊపిరి బిగబట్టమనడం వెనకా ఇదే లెక్క. ఊపిరితిత్తుల్లో గాలి ఆడే చప్పుడు కొన్ని వందల హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది, మనం వెతికే మర్మరూ దాదాపు అక్కడే. స్వరాన్ని బట్టి ఈ రెంటినీ వేరు చేయడం ఏ జల్లెడ వల్లా కాదు. కాబట్టి ఊపిరినే ఆపేశారు. యంత్రానికి చేతకాని పనిని మనిషి చేత ఎనిమిది సెకన్లపాటు చేయించుకోవడంలో ఎంత తెలివి ఉందో చూడండి. ఇంకా ఎక్కువసేపు అంటే ఆయాసమున్న పెద్దవాళ్ల వల్ల కాదు. నాలుగు విడతలు కలిస్తే 32 సెకన్లు. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండె అంతలో సుమారు 37 సార్లు కొట్టుకుంటుంది. కొన్నిటిని గుడగుడలు పాడుచేసినా పని నడిచిపోయేంత సరుకు చేతిలో ఉంటుంది.

తర్వాతిది నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం. యంత్రం డయాస్టోల్‌ను మాత్రమే వినాలి. కానీ రికార్డులో ఉన్నది వరసగా చప్పుళ్లు, ఖాళీలు. వాటిలో ఏది లబ్, ఏది డబ్? ఈసీజీ తగిలిస్తే సులువే. తీగలు తగిలించకుండా, చప్పుడు ఒక్కదాన్నే నమ్ముకొని తేల్చడమెలా? ష్మిత్ బృందం 2010లో ప్రకటించిన పద్ధతి దీనికి జవాబు. లబ్ తర్వాత సిస్టోల్, అంటే గుండె ముడుచుకునే వేళ, దాని తర్వాత డబ్, తర్వాత డయాస్టోల్, మళ్లీ లబ్. ఈ వరస ఎన్నడూ తప్పదు. ఒక్కోటి ఎంతసేపు ఉంటుందో కూడా అంచనా ఉంది. తీరుబడిగా కొట్టుకునే గుండెలో సిస్టోల్ సెకనులో మూడో వంతు, మిగిలిందంతా డయాస్టోల్. గుండె వేగం మారితే సిస్టోల్ కొద్దిగానే కుంచించుకుంటుంది, డయాస్టోల్ మాత్రం బాగా తగ్గిపోతుంది. ఈ వరసనూ ఈ వ్యవధులనూ లెక్కల నమూనాలో పెట్టి, వచ్చిన చప్పుళ్లకు ఏ అమరిక అన్నిటికంటే బాగా అతుకుతుందో చూస్తారు. నడుమ ఒక గుడగుడ లబ్ వేషం వేసుకొని వచ్చినా, అది రావాల్సిన వేళ కాదు కాబట్టి యంత్రం మోసపోదు. తర్వాత ఇతరులు మెరుగులు దిద్దారు గానీ గుండె చప్పుళ్లను కత్తిరించే పనిలో ఈ ఆలోచన ఇవాళ్టికీ పునాది రాయి.

అలా కత్తిరించాక లబ్‌నూ, డబ్‌నూ, సిస్టోల్‌నూ పక్కనపెడతారు. గట్టిగా వినిపించేవన్నీ పోయి, చేతిలో మిగిలేది డయాస్టోల్ ముక్కలు. వాటిని కలపడంలోనూ ఒక మెలకువ ఉంది. మామూలుగా అయితే ముప్పై ముక్కల గీతలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే, పిచ్చి చప్పుళ్లు కొట్టుకుపోయి అసలుది మిగలాలి. కానీ సుడుల చప్పుడు ఒక్కసారి ఉన్న ఆకారంలో రెండోసారి ఉండదు, గీతలను పేరిస్తే అది కూడా కొట్టుకుపోతుంది. అందుకని గీతలను కాకుండా, ఏ స్వరంలో ఎంత శక్తి ఉందన్న లెక్కను కలుపుతారు. ఆకారం మారినా శక్తి మిగులుతుంది. మరో విశేషం ఏమంటే, అందరూ పై స్వరాల్లో మర్మర్ కోసం వెతుకుతుంటే, నాళాలు పూడినవారి డయాస్టోల్‌లో అడుగు స్వరాలు కూడా బలంగా ఉంటున్నాయని ఈ బృందం గమనించింది. వెతుకుతున్నది కాకపోయినా తేడా తేడాయే. దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ చుట్టుపక్కల రీలింగ్ చేసేవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. మరిగే నీళ్లలో ఉడికిన గూడు మీద చిక్కుపడిన పైపీచునంతా ముందు లాగి పారేస్తారు. అలా లాగి లాగి ఒంటిపోగు కొస చిక్కాకే దారం మొదలవుతుంది. పీచు తీయడంలో తొందరపడినవాడి దారం తెగుతుంది.

అంకె వెనక ఏముంది

ఇంత శ్రద్ధగా విడదీసిన చప్పుడును కూడా ఈ యంత్రం ఒంటరిగా నమ్మదు. దానికి వయసు, ఆడా మగా, బీపీ ఉందా అన్న మూడు సంగతులు జోడిస్తుంది. మంచి డాక్టరు వినే ముందు చూసేవి అవే కదా.

ఎంతవరకు నమ్మవచ్చు? డెన్మార్క్‌లో డాన్-నైక్యాడ్ అనే అధ్యయనంలో, గుండె నాళాల జబ్బు ఉందేమోనన్న అనుమానంతో సీటీ స్కానుకు వచ్చిన 1,600 మందికి పైగా రోగులను చేర్చుకొని, స్కానులూ యాంజియోగ్రాములూ చెప్పినదానితో ఈ అంకెను సరిచూశారు. అందులో తేలిన నిష్పత్తులను నూరుమంది లెక్కలోకి మార్చి చూద్దాం. అనుమానంతో వచ్చిన నూరుమందిలో పదిమందికి నిజంగా పూడిక ఉందనుకుంటే, యంత్రం ఎనిమిది మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని జారవిడుస్తుంది. పూడిక లేని తొంభై మందిలో సుమారు నలభై ఎనిమిది మందికి భయం లేదని చెబుతుంది, మిగిలిన నలభై రెండు మందిని అనవసరంగా అనుమానిస్తుంది.

అంటే ఎక్కువ అంకె వచ్చినవారు బెంబేలెత్తనక్కర్లేదు. అలాంటి ఆరుగురిలో ఒకరికే నిజంగా జబ్బుంటుంది, ఇంకో పరీక్ష చేయించుకోవాలంతే. తక్కువ అంకె వచ్చిన యాభై మందిలో మాత్రం నలభై ఎనిమిది మందికి నిజంగానే ఏమీ లేదు. జబ్బు ఉందని తేల్చడానికి ఈ యంత్రం అంతగా పనికిరాదు. లేదని చెప్పడంలో దీని మాటకు బలముంది. చేసినవాళ్లు దీన్ని ఆ పనికే పరిమితం చేశారు. 40 ఏళ్లు దాటి, నిలకడగా ఉన్న ఛాతీనొప్పితో వచ్చి, ఇదివరకు గుండె నాళాల జబ్బు ఉన్నట్టు తేలనివారికే దీన్ని ఉద్దేశించారు. స్టెంటు వేయించుకున్నవారికీ, బైపాస్ అయినవారికీ కాదు. తన హద్దు తానే గీసుకున్న పరికరం కాబట్టి దీని మీద గౌరవం కలుగుతుంది.

పరిగి నుంచి చూస్తే

"నడుస్తాంటే ఎద పట్టుకుంటాంది సార్, నిలబడితే సర్దుకుంటాంది." హిందూపురం దగ్గరి పరిగి చుట్టుపక్కల ఏ పీహెచ్‌సీలోనైనా ఈ మాట వినిపిస్తుంది. చాలామంది ఆ మాట అనేలోపు గ్యాసనుకొని సోడాలు తాగి ఉంటారు. డాక్టరు ఈసీజీ తీస్తారు. నాళం సగానికి పైగా పూడినా, మనిషి కుదురుగా పడుకొని ఉన్నప్పుడు ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. అక్కడి నుంచి దారి హిందూపురం ఆసుపత్రికి, ఆపైన పుట్టపర్తికో, అనంతపురానికో, బెంగళూరుకో. ఎకో, టీఎంటీ, ఆ తర్వాత యాంజియోగ్రామ్. కూడా ఒక మనిషి రావాలి, రెండు కూలిరోజులు పోతాయి. ఇంత తిరిగాక చాలామందికి చివర చెప్పేది నాళాలు బాగున్నాయనే. ఆ మాటనే ఊరి దగ్గర, పది నిమిషాల్లో, ఎక్కువమంది విషయంలో నిజమయ్యేట్టు చెప్పగలిగితే మిగిలేది డబ్బొక్కటే కాదు. నిజంగా పూడిక ఉన్నవారికి పెద్దాసుపత్రి వరసలో చోటు దొరుకుతుంది.

పెద్దాసుపత్రి ఈ సీమకు దూరమేమీ కాదు. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. అక్కడ గుండె ఆపరేషన్లు పైసా తీసుకోకుండా చేస్తారు. సన్నబడిన నాళం కోసం చౌకగా పరికరం చేయాలన్న తపన తెలుగునేలకు కొత్త కూడా కాదు. హైదరాబాదులో డాక్టర్ బి. సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1998లో తక్కువ ధర స్టెంటు తెచ్చారు, దానికి కలాం–రాజు స్టెంట్ అనే పేరొచ్చింది. ఐఐటీ బొంబాయి నుంచి వచ్చిన ఆయు డివైసెస్ యువకులు మామూలు స్టెతస్కోపుకే తగిలించుకునే ఆయుసింక్ అనే డిజిటల్ జోడింపు చేశారు. అది కరోనరీ ఇరుకును పట్టేది కాదు, గుండె, ఊపిరితిత్తుల చప్పుళ్లను పెంచి, రికార్డు చేసి, దూరాన ఉన్న డాక్టరుకు పంపేది. అయినా వినే పనిముట్టును ఇక్కడే చేయగలమనడానికి అది సాక్ష్యం.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పుకోవాలి. నడిస్తే వచ్చి నిలబడితే పోయే నొప్పికే ఈ వినికిడి. కూర్చున్నచోటే గుండె నొప్పి పట్టి, చెమటలు పోసి, అది ఎడమ చేతికో దవడకో పాకుతుంటే ఏ స్టెతస్కోపు కోసమూ ఆగకూడదు. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. అలాంటప్పుడు దాటే ప్రతి నిమిషానికీ గుండె కండ కొంత చచ్చిపోతుంది.

ఇక మిగిలింది పని. 20 అన్న ఆ గీతను గీసింది డెన్మార్క్ రోగులను చూసి. మన దగ్గర గుండె నాళాల జబ్బు పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే పట్టుకుంటుందని గుండె డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. మధుమేహం ఎక్కువ. నలభై దాటనివాళ్లూ ఎద పట్టుకొని వస్తున్నారు. యంత్రం వయసును కూడా లెక్కలో కలుపుకుంటుంది కాబట్టి, అక్కడి గీత ఇక్కడి మనుషులకు అతుకుతుందో లేదో చూడకుండా వాడితే, పడుచువాళ్ల జబ్బు జారిపోయే ప్రమాదముంది. యాంజియోగ్రామ్‌కు ఎలాగూ వచ్చే మనిషిని ముందుగా అరగంట పడుకోబెట్టి చప్పుడు రికార్డు చేసుకుంటే, ఆ వెంటనే నాళం ఫొటో వస్తుంది. చప్పుడు ఇది, జవాబు ఇది అని రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. అలాంటివి వేల సంఖ్యలో పోగైతేనే మన గుండెలకు మన గీత గీసుకోగలం. పనిముట్టు ఎలా చేయాలో డెన్మార్క్‌వాళ్లు చూపించారు. రోగులు, యాంజియోగ్రాములు, పైసా తీసుకోని ఆసుపత్రి, లెక్కలు తెలిసిన కుర్రాళ్లు, ఇవన్నీ మన దగ్గర ఉన్నాయి. కావాల్సిందల్లా రికార్డు చేయకుండా ఒక్క రోగినీ యాంజియోకు పంపకూడదన్న పట్టుదల.